కారు చక్రాలకు చౌకగా పౌడర్ కోటింగ్ చేయిస్తున్నారా? రేటు ఎక్కడ తగ్గిందో ముందు అడగండి

సెకండ్‌హ్యాండ్‌లో కారు కొన్నవాళ్లు ఇంజిన్, టైర్లు, ఏసీ అన్నీ చూసుకున్నాక చివరికి చక్రాల దగ్గర ఆగిపోతారు. బాడీకి పాలిష్ కొట్టించి ఉంటారు కాబట్టి అది తళతళలాడుతుంటుంది. చక్రాలు మాత్రం రంగు పెచ్చులూడి, ఎక్కడో గట్టుకు రాసుకున్న గీతలతో అలాగే ఉంటాయి. ఇంట్లో పెళ్లి కుదిరినా, ఈద్ దగ్గరపడినా "పనిలో పనిగా ఆ చక్రాలకు కూడా ఏదో ఒకటి చేయించేద్దాం" అన్న మాట వస్తుంది. గుంటూరు ఆటోనగర్‌లో గానీ, ఒంగోలులో గానీ, నరసరావుపేట, చిలకలూరిపేటల్లో గానీ వాకబు చేస్తే ఎక్కువగా వినిపించే సమాధానం పౌడర్ కోటింగ్.

అసలు తికమక అక్కడి నుంచే మొదలవుతుంది. ఒక షాపు చెప్పే రేటుకు, ఇంకో షాపు చెప్పే రేటుకు రెండు మూడు రెట్లు తేడా ఉంటుంది. తక్కువ చెప్పినతను "గేట్లకు, కిటికీ గ్రిల్స్‌కు, బీరువాలకు వేసేది ఇదే పౌడర్ భాయ్, పక్కా కామ్" అంటాడు. ఆయన అబద్ధం చెప్తున్నాడని అనుకోనక్కర్లేదు. పౌడర్ నిజంగా అదే అయ్యుండొచ్చు. కాకపోతే గేటు ఇంటి ముందు ఒకేచోట నిలబడి ఉంటుంది. చక్రం మాత్రం ఒక కుటుంబం మొత్తాన్ని మోస్తూ 16వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు 80, 100 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది.

కొత్త అలాయ్ వీల్స్ సెట్ కొనే స్తోమత అందరికీ ఉండదు. మిర్చి, పత్తి మీద ఆధారపడిన ఈ ప్రాంతంలో పంట డబ్బు ఎటు తిరిగితే ఇంటి ఖర్చులు కూడా అటే తిరుగుతాయి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు రూ.11,781 ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది కొత్త కారు ఆలోచన వాయిదా పడుతుంది, ఉన్న కారునే బాగు చేయించుకుంటారు. అందుకే చౌకగా చేయించుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఆ చౌక ఎక్కడి నుంచి వచ్చిందన్నదే తేల్చుకోవాలి.

రంగు కింద ఏముంది?

పౌడర్ కోటింగ్‌లో మామూలు పెయింట్‌లాగా థిన్నర్ ఉండదు. మెత్తటి పొడికి గన్‌తో విద్యుదావేశం ఇచ్చి చల్లుతారు. ఎర్త్ చేసిన లోహానికి ఆ పొడి అతుక్కుంటుంది. తర్వాత ఓవెన్‌లో పెడితే పొడి కరిగి, పరుచుకుని, రసాయన చర్య జరిగి గట్టి పొరగా మారుతుంది. చాలా పౌడర్లకు లోహం 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరి, అక్కడ 10 నుంచి 20 నిమిషాలు ఉండాలి. ఒక కోటు మందం సాధారణంగా 60 నుంచి 80 మైక్రాన్లు, అంటే దాదాపు మన తల వెంట్రుకంత. సరిగ్గా చేస్తే మామూలు స్ప్రే పెయింట్ కంటే ఇది గట్టిది. చిన్న రాయి తగిలినా అంత తేలిగ్గా ఊడదు.

"సరిగ్గా" అన్న మాటలోనే ఖర్చంతా ఉంది. పౌడర్ చల్లడం కొద్ది నిమిషాల పని, ఓవెన్ ఇంకొంచెం సేపు. ఎక్కువ సమయం, ఎక్కువ మనిషి శ్రమ పట్టేది అంతకు ముందే. టైరు విప్పాలి, వాల్వ్ తీయాలి, పాత రంగు పూర్తిగా తొలగించాలి, నూనె, బ్రేకు మసి వదిలించాలి. ఇనుప డిస్కు అయితే తుప్పు తీసి ఫాస్ఫేట్ చేయాలి. అల్యూమినియం అయితే దానికి వేరే రసాయన పూత ఉంటుంది. ఇనుముకు పనిచేసే ఫాబ్రికేషన్ యూనిట్లలో దీన్నే సెవెన్ ట్యాంక్ ప్రాసెస్ అంటారు. నూనె వదిలించడం, కడగడం, తుప్పు తీయడం, మళ్లీ కడగడం, ఫాస్ఫేట్, మళ్లీ కడగడం, చివరి పాసివేషన్. రేటు తగ్గించాలంటే ఎగిరిపోయేవి ఈ దశలే. ఎందుకంటే పని అయ్యాక అవి కంటికి కనపడవు. సాల్ట్ పేపర్‌తో పైపైన రుద్ది, గుడ్డతో తుడిచి పౌడర్ కొట్టినా మొదటిరోజు మెరుపు ఒకేలా ఉంటుంది.

తేడా వానలు పడ్డాక తెలుస్తుంది. ఎక్కడో ఒక రాయి తగిలి సూది మొనంత పొర లేస్తుంది. అందులోంచి నీళ్లు లోపలికి వెళ్తాయి. కింద ఫాస్ఫేట్ గానీ ప్రైమర్ గానీ ఉంటే తుప్పు అక్కడే ఆగుతుంది. ఏమీ లేకపోతే పొర కింద పాకుతూ పోతుంది, పైన రంగు బాగానే కనిపిస్తుంటుంది. కొన్నాళ్లకు గోటితో లాగితే అరచేతంత ముక్క ఊడివస్తుంది. అల్యూమినియం అయితే పొర కింద పురుగు పాకినట్టు సన్నటి తెల్లటి గీతలు వస్తాయి. ఉప్పుగాలి, తేమ ఉన్నచోట ఈ జబ్బు ఎక్కువ. చీరాల, బాపట్ల, నిజాంపట్నం వైపు తిరిగే కార్లకు, చినగంజాం ఉప్పు కొటార్ల మీదుగా రోజూ వెళ్లే కార్లకు ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. లోపలి ఊళ్లలో బాధ ఇంకోరకం. నల్లరేగడి మట్టి వానాకాలంలో చక్రం లోపలి అంచుకు జిగురులా పట్టి, రోజుల తరబడి తడిగానే ఉంటుంది. బయట ముఖానికి మాత్రమే శ్రద్ధగా కోటింగ్ వేసి, లోపలివైపు వదిలేసే షాపులు ఉన్నాయి. డెలివరీ తీసుకునేటప్పుడు చక్రాన్ని తిప్పి వెనక చూడటం మనలో ఎంతమందికి అలవాటు?

పౌడర్ రకం కూడా అడగాలి. బీరువాలకు, ఇంట్లో వాడే సామానుకు ఎపాక్సీ పౌడర్ వాడతారు. అది గట్టిదే కానీ ఎండకు నిలబడదు. కొంతకాలానికి మెరుపు పోయి, చెయ్యి పెడితే సున్నంలా అంటుతుంది. రెంటచింతల ఎండల గురించి ఈ ప్రాంతంవాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. చక్రాలకు పాలియెస్టర్ పౌడర్ ఉండాలి. ఎపాక్సీని కింద ప్రైమర్‌గా వేసి, పైన పాలియెస్టర్ వేస్తే ఇంకా మంచిది. షాపులో పౌడర్ అట్టపెట్టె మీద రకం రాసి ఉంటుంది, చూపించమంటే కోపం తెచ్చుకోనక్కర్లేదు.

ఇనుప డిస్కు వేరు, అలాయ్ వేరు

చౌక రేటు గురించి నిర్ణయం తీసుకునే ముందు తేల్చుకోవాల్సిన మొదటి సంగతి ఇది. చక్రానికి ఒక అయస్కాంతం పెట్టి చూస్తే చాలు. అతుక్కుంటే ఇనుము, లేకపోతే అల్యూమినియం అలాయ్.

ఇనుప డిస్కు అయితే గేట్లు, గ్రిల్స్ చేసే యూనిట్‌లో వేయించడం తప్పేమీ కాదు. వాళ్ల రేటు తక్కువ ఉండటానికి న్యాయమైన కారణం కూడా ఉంది. ఓవెన్ రోజూ వెలుగుతుంటుంది, మీ నాలుగు డిస్కులు ఏదో ఒక గేటుతోపాటు లోపలికి వెళ్తాయి, గ్యాస్ ఖర్చు పంచుకున్నట్టు. ట్యాంకులు నిజంగా వాడుతున్నారా లేదా అన్నది చూసుకుంటే చాలు. రంగు విషయంలో మాత్రం ఆ రోజు వాళ్లు నలుపు వేస్తుంటే మీకూ నలుపే. (నలుపు మన రోడ్ల మీద రెండు రోజుల్లో బూడిదరంగు అవుతుందన్నది వేరే సంగతి.)

అలాయ్ దగ్గర కథ మారుతుంది. అల్యూమినియంలో సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం కలిపి పోత పోసిన చక్రం అది. పోత పోయగానే దానికి బలం రాదు. సుమారు 540 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, నీళ్లలో చల్లార్చి, మళ్లీ సుమారు 150, 160 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచుతారు. చక్రానికి బలం ఈ వేడి లెక్కలోంచే వస్తుంది. ఆ తర్వాత ఎవరైనా దాన్ని ఇష్టమొచ్చినట్టు కాలిస్తే వచ్చిన బలం మెత్తబడుతుంది. లోహం కరగదు, వంగదు, చూడటానికి ఏ తేడా ఉండదు. గుంతలో పడినప్పుడు మాత్రం ఇదివరకు తట్టుకున్న దెబ్బను ఈసారి తట్టుకోదు.

అయితే పౌడర్ కోటింగ్ ఓవెన్ అంటేనే భయపడాలా? అక్కర్లేదు. ఫ్యాక్టరీలో కూడా చక్రాలకు వేసే పూతలను ఓవెన్‌లోనే కాలుస్తారు. 180, 200 డిగ్రీల దగ్గర పావుగంట, ఇరవై నిమిషాలు, ఒకటి రెండుసార్లు అయితే నష్టం పెద్దగా ఉండదు. ప్రమాదం రెండు చోట్ల ఉంది. మొదటిది ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు సరిగా లేని ఓవెన్. కిటికీ గ్రిల్ పలుచటి లోహం, చటుక్కున వేడెక్కుతుంది. చక్రం మధ్యభాగం మందం, దానికి ఎక్కువ సేపు పడుతుంది. అందాజాగా నడిపేవాళ్లు గ్రిల్ లెక్కన తీసేస్తే పౌడర్ పూర్తిగా పండదు, పెళుసుగా ఉండి రాలుతుంది. లేదా "పండలేదేమో" అని మంట పెంచేస్తారు. అప్పుడు దెబ్బ చక్రానికి.

రెండోది ఇంకా పెద్దది, పాత రంగు తీసే పద్ధతి. పాత రంగును గ్యాస్ టార్చితో కాల్చి గీకడం, లేదా ఇనుప సామాను రంగు కాల్చే బట్టీలో చక్రాన్ని పడేయడం. ఆ బట్టీల వేడి 350 డిగ్రీలు దాటుతుంది. అలాయ్ వీల్‌ను అందులో పెట్టడం అంటే దాని బలాన్ని చేతులారా తీసేయడమే. మూడో పద్ధతి కాస్టిక్ సోడా ట్యాంక్. ఇనుము మీద రంగు తీయడానికి అది వాడతారు, ఇనుముకు ఏమీ కాదు. అల్యూమినియాన్ని ముంచితే మాత్రం బుసబుసమని బుడగలు వస్తాయి. అది హైడ్రోజన్ వాయువు, లోహం కరిగిపోతోందని అర్థం. కాబట్టి అలాయ్ తీసుకెళ్లినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంత తీసుకుంటారు" కాకుండా "పాత రంగు ఎలా తీస్తారు" అయితే బాగుంటుంది. అల్యూమినియానికి పనికొచ్చే స్ట్రిప్పర్ ద్రవంతో అనో, తక్కువ ఒత్తిడితో బ్లాస్టింగ్ అనో సమాధానం రావాలి. "కాల్చేస్తాం సాబ్, పది నిమిషాల్లో అయిపోద్ది" అంటే చక్రాలు తిరిగి డిక్కీలో పెట్టుకుని వచ్చేయడమే.

బ్లాస్టింగ్ గురించి ఒక్కమాట. చౌకగా కావాలంటే ఏటి ఇసుకతోనే కొట్టేస్తారు. ఆ పొడిలో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీల్చినవాళ్ల ఊపిరితిత్తులకు సిలికోసిస్ పడుతుంది, దానికి నయం కావడం అన్నది లేదు. ముఖానికి చేతిరుమాలు కట్టుకుని ఇసుక కొట్టే కుర్రాళ్లు ఉన్న షాపు తగ్గించిన రేటులో వాళ్ల ఊపిరి ఖరీదు కూడా కలిసి ఉంటుంది. ఇక ఇనుప గ్రిట్‌తో అల్యూమినియాన్ని కొడితే ఇనుప రేణువులు అందులో దిగిపోయి తర్వాత తుప్పు మచ్చలుగా బయటపడతాయి.

నట్టు కూర్చునే చోటు

అందం పాడైతే డబ్బులే పోతాయి. ఇక్కడ పొరపాటు జరిగితే చక్రమే ఊడొచ్చు.

చక్రాన్ని పట్టి ఉంచేది నట్లు బిగించినప్పుడు వచ్చే ఒత్తిడి. లోహం లోహానికి ఆనుకుని గట్టిగా నొక్కుకుని ఉండాలి. నట్టు కూర్చునే ఏటవాలు గుంతలో, చక్రం వెనక హబ్‌కు ఆనే ముఖం మీద మందంగా పౌడర్ పొర ఉంటే, బిగించినప్పుడు ఆ పొర కూడా మధ్యలో ఇరుక్కుంటుంది. స్పానర్‌కు గట్టిగానే బిగిసినట్టు అనిపిస్తుంది. కొన్ని కిలోమీటర్లు తిరిగాక వేడికి, కుదుపుకు పొర నలిగిపోతుంది, బిగింపు వదులవుతుంది. రెండు మూడు కోట్లు వేస్తే ఇంకా ఎక్కువ. మధ్య రంధ్రంలో పొర పేరుకుంటే చక్రం హబ్ మీద సరిగా కూర్చోదు, స్టీరింగ్ వణుకుతుంది. పని తెలిసినవాళ్లు నట్టు గుంతలకు సిలికాన్ బిరడాలు, హబ్ ముఖానికి వేడి తట్టుకునే టేపు పెట్టి కోటింగ్ వేస్తారు. తొందరగా తేల్చేవాళ్లు చక్రాన్ని వైరుకు వేలాడదీసి అంతటా కొట్టేస్తారు. చేతికొచ్చిన చక్రంలో నట్టు గుంత, వెనక ముఖం చక్రమంతటిలాగే మెరుస్తుంటే అది అందం అనుకోవద్దు, అక్కడ లోహం కనిపించాలి.

టైరు అంచు కూర్చునే చోటు కూడా అంతే. బ్లాస్టింగ్‌కు అక్కడ గరుకు తేలినా, పౌడర్ ముద్దలుగా పడినా ట్యూబ్‌లెస్ టైరు మెల్లగా గాలి వదులుతుంది. పంక్చర్ షాపుల చుట్టూ తిరిగినా కారణం దొరకదు.

కోటింగ్ ఇంకో పని కూడా చేస్తుంది, లోపాన్ని దాచిపెడుతుంది. గుంతలో పడి నెర్రె ఇచ్చిన అలాయ్‌ను వెల్డింగ్ చేసి, సాపు చేసి, పైన నల్లటి కోటు వేస్తే ఎవరూ కనిపెట్టలేరు. సెకండ్‌హ్యాండ్ కారులో మిగతావన్నీ పాతగా ఉండి చక్రాలు మాత్రం కొత్త పెళ్లికొడుకులా ఉంటే సంతోషపడే ముందు టైరు విప్పించి లోపలి అంచు చూడటం మేలు. మీరే చేయిస్తుంటే, రంగు తీసి లోహం బయటపడిన రోజు ఒకసారి షాపుకెళ్లి చూడండి. ఫాబ్రికేషన్‌వాళ్ల దగ్గర దొరికే ఎర్ర డై, తెల్ల డెవలపర్ స్ప్రేలు కొడితే కంటికి కనపడని నెర్రె కూడా ఎర్రగీతలా తేలుతుంది. నెర్రె తేలిన చక్రానికి కోటింగ్ డబ్బు ఖర్చు పెట్టొద్దు, దాన్ని మార్చడమే.

లెక్క వేసుకుంటే

ఒక ఉదాహరణ చూద్దాం, అంకెలు లెక్క కోసం అనుకున్నవే. చౌక షాపు నాలుగు చక్రాలకు రూ.3,500, మంచి షాపు రూ.8,000 అడిగింది. రెండింటికీ టైర్లు విప్పి ఎక్కించడం, బ్యాలెన్సింగ్ కలిపి రూ.1,200. మంచి షాపులో మొత్తం రూ.9,200 అవుతుంది. చౌకగా రూ.4,700తో అయిపోతుంది. ఏడాదిన్నరకు అది ఊడితే మళ్లీ మంచి షాపుకే వెళ్లాలి. సగం ఊడిన పౌడర్ కోటింగ్‌ను తీయడం మామూలు పెయింట్ కంటే కష్టం, దానికి ఇంకో రూ.1,000 అనుకుంటే రెండోసారి ఖర్చు రూ.10,200. రెండూ కలిపి రూ.14,900. మొదటే వేయించినదానికంటే రూ.5,700 ఎక్కువ. ట్యాక్సీ తిప్పేవాళ్లకు బండి ఆగిన రోజుల కిరాయి అదనం. అలాయ్ మళ్లీ ఓవెన్‌లోకి వెళ్లడం ఇంకో నష్టం, దానికి రూపాయల్లో లెక్క లేదు.

ఇదే లెక్క కొన్నిసార్లు అటు తిరుగుతుంది. ఏడాదిలో అమ్మేయబోయే పాత కారు, ఇనుప డిస్కులు, పైన ప్లాస్టిక్ వీల్ క్యాపులు. అలాంటిదానికి రూ.3,500 కూడా దండగే. తుప్పు గీకి, ప్రైమర్ వేసి, డెంటింగ్ పెయింటింగ్ చేసేవాళ్లతో సిల్వర్ స్ప్రే కొట్టించి, కొత్త క్యాపులు తగిలిస్తే సరిపోతుంది. డైమండ్ కట్ అలాయ్ ఉన్నవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. మెరిసే ఆ కోత ముఖం పౌడర్ కింద పోతుంది. తిరిగి రావాలంటే లేత్ మీద మళ్లీ కోయించాలి, ప్రతిసారీ కొంత లోహం తగ్గుతుంది.

టైర్లు ఎలాగూ మార్చాల్సిన సమయంలో కోటింగ్ పెట్టుకుంటే విప్పే ఖర్చు, బ్యాలెన్సింగ్ ఖర్చు ఒక్కసారితో పోతాయి. ఇష్టం ఉంటే ముందు స్టెప్నీ ఒక్కదానికే చేయించి చూడొచ్చు. షాపు పనితనం అక్కడే తెలిసిపోతుంది. థిన్నర్‌లో ముంచిన తెల్లగుడ్డతో లోపలి అంచు దగ్గర ఓ పాతిక సార్లు రుద్దితే, పండిన పౌడర్ కొంచెం మెరుపు తగ్గుతుందేమో గానీ, రంగు ముద్దగా గుడ్డకు రాకూడదు. వస్తే అది ఓవెన్‌లో సరిగ్గా కాలలేదు. టైరులో గాలి తెలిపే సెన్సర్లు ఉన్న కార్లకు వాటిని ముందే తీయించాలి, ఓవెన్ వేడికి అవి బతకవు.

బిల్లు అడగడానికి మొహమాటపడతారు చాలామంది, తెలిసినవాళ్ల షాపు అయితే మరీ. బిల్లు మీద "పాత రంగు తొలగింపు, ప్రైమర్, పాలియెస్టర్ పౌడర్, నాలుగు చక్రాలు" అని రాయించుకోవడానికి అదనంగా అయ్యేదేమీ లేదు. ఇలాంటి సేవల్లో లోపం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందకే వస్తుంది. షాపు మాట వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు. కాగితం లేకపోతే అక్కడ చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

చక్రాలు ఎక్కించాక నట్లను పైపు పెట్టి తొక్కి బిగించడం మన దగ్గర మామూలు. టార్క్ రెంచ్ ఉన్న షాపులో కంపెనీ మాన్యువల్‌లోని లెక్క ప్రకారం బిగించమనండి. చిన్నకార్లలో అది ఎక్కువగా 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. అక్కడి నుంచి 50, 100 కిలోమీటర్లు తిరిగాక, అంటే గుంటూరు నుంచి విజయవాడ వెళ్లి వచ్చిన సాయంత్రం, మళ్లీ ఒకసారి నట్లు చెక్ చేయించాలి. ఏ నట్టయినా పావు చుట్టు తిరిగిందంటే ఆ చక్రం విప్పించి, గుంతలో పౌడర్ ఉందేమో చూసి, గీకించి మళ్లీ ఎక్కించాకే బండి బయటకు తీయాలి.